వయసు మీద పడుతున్న హాకీ స్టార్‌ని ఉంచుకోవాలా, పంపేయాలా? లెక్క వేసే పద్ధతి

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అదే ఊళ్లో డల్లాస్ స్టార్స్ ప్రాక్టీస్ రింక్ కూడా ఉంది. పిల్లల్ని స్కేటింగ్ క్లాసులో దించడానికి వెళ్లి హాకీ పిచ్చి అంటించుకున్నవాళ్లు మా వాట్సాప్ గ్రూపులో చాలామందే ఉన్నారు. మార్చి వచ్చినా, జులై వచ్చినా ఒకటే ప్రశ్న: "అన్నా, ఆయనకి ఇంకో రెండేళ్లు ఇస్తారా, అమ్మేస్తారా?"

ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు. అందుకే నేను వాడే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీ, లీగ్ అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్. సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) పెట్టి ఫ్యాంటసీ లీగ్ ఆడేవాళ్లకీ, జనరల్ మేనేజర్ కుర్చీలో కూర్చుని ఆలోచించడం ఇష్టమైనవాళ్లకీ ఇదే వరస పనికొస్తుంది.

ఒక మాట ముందే. ఇలాంటి వ్యవహారాల్లో జట్లను ముంచేది తప్పు నిర్ణయం కన్నా ఆలస్యంగా తీసుకున్న నిర్ణయమే. గడిచిన ప్రతి తేదీ చేతిలోంచి ఒక దారిని లాక్కుపోతుంది.

1. ముందు ఈ కాగితాలు దగ్గర పెట్టుకోండి

- ఆటగాడి పుట్టినతేదీ. సంవత్సరం ఒక్కటే చాలదు, నెల, రోజు కూడా కావాలి. ఎందుకో 6లో తెలుస్తుంది.
- ఇప్పటి ఒప్పందం: ఎప్పటికి ముగుస్తుంది, ఏడాది సగటు ఎంత. ఈ సగటునే క్యాప్ హిట్ అంటారు.
- అందులోని క్లాజులు: నో-మూవ్, నో-ట్రేడ్, జట్ల జాబితా.
- గత మూడు సీజన్ల అంకెలు: ఆడిన మ్యాచ్‌లు, నిమిషాలు, 5 మీద 5 ఆటలో పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి), పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్ష మీద బయట ఉన్నప్పటి ఆట) పాయింట్లు, షూటింగ్ శాతం (కొట్టిన షాట్లలో గోల్స్ అయినవి).
- గాయాల చరిత్ర.
- వచ్చే మూడేళ్లలో మన జట్టులో ఇంకెవరి ఒప్పందాలు ముగుస్తాయో ఆ జాబితా.

ఒప్పందాల వివరాలు పక్‌పీడియాలో దొరుకుతాయి. ఒకప్పుడు అందరం క్యాప్‌ఫ్రెండ్లీ చూసేవాళ్లం. దాన్ని వాషింగ్టన్ క్యాపిటల్స్ కొనేసుకుంది, 2024 జులైలో మూతపడింది. ఆట అంకెలకు నేచురల్ స్టాట్ ట్రిక్, స్కేటింగ్ వేగానికి లీగ్ వాళ్ల ఎన్‌హెచ్‌ఎల్ ఎడ్జ్ పేజీ. అన్నీ ఉచితమే.

2. క్యాలెండర్ గీయండి

ఒప్పందం 2027 జూన్ 30న ముగుస్తుందనుకుందాం. అప్పుడు మీ తేదీలు ఇవి:

- 2026 జులై 1: కొత్త ఒప్పందం మీద సంతకం చేయడానికి వీలయ్యే మొదటి రోజు.
- సెప్టెంబర్: ట్రైనింగ్ క్యాంప్. మీడియా ముందు ఆటగాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే.
- మార్చి మొదటి వారం: ట్రేడ్ డెడ్‌లైన్, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి రోజు.
- జూన్ చివర: డ్రాఫ్ట్. జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, బలహీన జట్లకు ముందు వంతు. ఆ వంతునే పిక్ అంటారు.
- 2027 జులై 1: ఆటగాడు ఫ్రీ ఏజెంట్. ఎవరితోనైనా చేరొచ్చు, మనకు దక్కేది సున్నా.

అసలు నిర్ణయం మొదటి రెండు తేదీల మధ్యే అయిపోవాలి. పిట్స్‌బర్గ్ జట్టు, దాని కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ 2024 సెప్టెంబర్‌లోనే రెండేళ్ల పొడిగింపు మీద, ఏడాదికి 8.7 మిలియన్ డాలర్లకు, సంతకాలు చేసేసుకున్నారు. సీజన్ అంతా ఆ ప్రశ్నే లేదు.

టాంపా బే దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది. కెప్టెన్ స్టీవెన్ స్టామ్‌కోస్ 2023 సెప్టెంబర్ క్యాంప్‌లోనే, తనతో ఎవరూ మాట్లాడలేదని, నిరాశగా ఉందని బహిరంగంగా చెప్పాడు. తర్వాతి జులై 1న నాష్‌విల్‌కి వెళ్లిపోయాడు.

క్యాంప్ మొదలయ్యేలోపు మీ షీట్‌లో "ఉంచాలి", "పంపాలి", "సీజన్ చివరిదాకా వాడుకుని వదిలేయాలి" అన్న మూడింట్లో ఒకటి రాసి ఉండాలి. తర్వాత మార్చుకోవచ్చు, ఖాళీగా మాత్రం వదలొద్దు.

3. పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా "ఇతన్ని ఇస్తే ఎవరొస్తారు" అని కలలు కంటారు. క్లాజు చదవకుండా ట్రేడ్ ఊహించడం, పెళ్లికూతుర్ని అడక్కుండా కల్యాణమండపం బుక్ చేయడం లాంటిది.

నో-ట్రేడ్ క్లాజు ఉంటే ఆటగాడి ఒప్పుదల లేకుండా ట్రేడ్ చేయలేరు. నో-మూవ్ ఇంకా గట్టిది: ట్రేడ్ లేదు, వెయివర్స్‌లో (కావాలంటే వేరే జట్టు తీసుకునేలా వదిలే జాబితాలో) పెట్టడం లేదు, మైనర్ లీగ్‌కు పంపడం లేదు. కొన్ని ఒప్పందాల్లో ఇది చివరి ఏళ్లలో సడలి, "ఈ పది జట్లకు వెళ్లను" తరహా జాబితాగా మారుతుంది. ఆ సడలే తేదీని ఎర్ర ఇంకుతో రాసుకోండి.

దీని బరువు తెలియాలంటే నాలుగు ఉదాహరణలు.

2008లో టొరంటో కెప్టెన్ మాట్స్ సుందీన్ నో-ట్రేడ్ క్లాజు వదులుకోనన్నాడు. సీజన్ ముగిశాక వెళ్లిపోయాడు. టొరంటోకి దక్కింది శూన్యం.

2013 మార్చిలో కాల్గరీ జెరోమ్ ఇగిన్లాని పిట్స్‌బర్గ్‌కి పంపింది. ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే హక్కు అతని చేతిలో ఉంది, వయసు 35, ఒప్పందం ముగియడానికి మూడు నెలలే. బదులుగా వచ్చింది ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఒక మొదటి రౌండ్ పిక్. ఆ ముగ్గురిలో ఎవరూ ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు.

2023లో షికాగో స్టార్ ప్యాట్రిక్ కేన్ న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్లడం తానే ఎంచుకున్నాడు. షికాగోకి దక్కింది షరతులతో కూడిన రెండో రౌండ్ పిక్ చుట్టూ అల్లిన చిన్న ప్యాకేజీ.

కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర చెప్పేది కొనేవాడే.

క్లాజు ఉన్నా పని చక్కగా జరగొచ్చు. 2022 మార్చిలో క్లోడ్ జిరూ ఫిలడెల్ఫియా తరఫున తన 1000వ మ్యాచ్ ఆడాడు, రెండు రోజుల తర్వాత ఫ్లోరిడాకి ట్రేడ్ అయ్యాడు. ఎప్పుడు, ఎలా వెళ్లాలో ముందే మాట్లాడుకున్నారు కాబట్టి గౌరవానికి లోటు రాలేదు. ఫిలడెల్ఫియాకి ఓవెన్ టిప్పెట్ దొరికాడు, తర్వాతి సీజన్‌లో 27 గోల్స్ కొట్టాడు.

4. మన జట్టు నిజంగా ఎక్కడుంది?

ఇది చిన్న మెట్టు. ఒక్కటే ప్రశ్న: వచ్చే రెండు సీజన్లలో కప్పు (లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్) గెలిచే అవకాశం నిజంగా ఉందా?

ఉంటే 36 ఏళ్ల స్టార్ ఆట విలువైనదే. లేకపోతే అతను చేసే 25 గోల్స్ మనల్ని డ్రాఫ్ట్‌లో కిందికి నెట్టడానికే పనికొస్తాయి. అభిమానిగా ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబివ్వడం కష్టం. మూడేళ్లుగా ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ దాటకుండా "వచ్చే ఏడు మనదే" అంటున్నారంటే, లేదనే రాసుకోండి.

5. అతనిలో ఎంత ఆట మిగిలిందో కొలవండి

ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. వయసొక్కటే చూసి తేల్చేయకండి, నిరుటి పాయింట్లొక్కటే చూసీ తేల్చేయకండి.

మూడేళ్ల సగటు. డల్లాస్ ఫార్వర్డ్ జేమీ బెన్‌ని తీసుకుందాం. 2021-22లో 46 పాయింట్లు, 2022-23లో 78, 2023-24లో 60, 2024-25లో 49. మధ్యలో 78 చూసినవాళ్లు "వయసు వెనక్కి వెళ్తోంది" అన్నారు. అంతకుముందు 46 చూసి "అయిపోయాడు" అన్నదీ వాళ్లే.

నేను చివరి ఏడాదికి సగం బరువు, దాని ముందటి ఏడాదికి 30 శాతం, దానికీ ముందటిదానికి 20 శాతం ఇస్తాను. 2025 వేసవిలో బెన్‌కి: 49లో సగం 24.5, 60లో 30 శాతం 18, 78లో 20 శాతం 15.6. మొత్తం 58. ఇక 33 దాటిన ఫార్వర్డ్‌కి ప్రతి వచ్చే ఏడాదికీ 8 నుంచి 10 శాతం కోస్తాను. అంటే 53, ఆ తర్వాత 48. ఇది నా చేతి లెక్క, శాస్త్రం కాదు. కానీ కోత అసలు వేయకుండా నిరుటి అంకెనే ముందుకు గీసే అలవాటు కన్నా నయం.

పవర్ ప్లే వాటా. పాయింట్లలో పెద్ద భాగం పవర్ ప్లే నుంచి వస్తోందంటే ఆగండి. అక్కడ ఐదుగురు మీద నలుగురే, స్కేటింగ్ వేగం లేకపోయినా మంచి షాట్ చాలు. స్టామ్‌కోస్ 2023-24లో టాంపాలో 40 గోల్స్, 81 పాయింట్లు చేశాడు. అవి నికితా కుచెరోవ్ లాంటివాడు పాస్ ఇచ్చే పవర్ ప్లేలో ఉంటూ చేసినవి. నాష్‌విల్‌లో తర్వాతి సీజన్ 82 మ్యాచ్‌లూ ఆడి 27 గోల్స్, 53 పాయింట్లతో ఆగాడు. మనిషి ఒక్క వేసవిలో అంత ముసలివాడు కాడు. చుట్టూ ఉన్న ఆట మారింది.

షూటింగ్ శాతం. కెరీర్ అంతా 12 శాతం కొట్టినవాడు 34వ ఏట 18 శాతం కొడితే, ఆ తేడాకి డబ్బు ఇవ్వకండి. వచ్చే ఏడు అది దిగుతుంది.

కాళ్లు. ఎన్‌హెచ్‌ఎల్ ఎడ్జ్‌లో గంటకు 20 మైళ్లు దాటిన స్కేటింగ్ ఎన్నిసార్లో ఉంటుంది. మూడేళ్లు పక్కపక్కన పెట్టండి. గోల్స్ తగ్గకముందే ఈ అంకె తగ్గడం మొదలవుతుంది.

ఆట తీరు. దేంతో బతుకుతున్నాడు? వేగంతోనా, ఢీకొట్టడంతోనా, తెలివితోనా? మిలాన్ లుచిచ్‌కి ఎడ్మంటన్ 2016లో ఏడేళ్లు, ఏడాదికి 6 మిలియన్లు ఇచ్చింది. అప్పటికి అతనికి 28 ఏళ్లే. మొదటి సీజన్ 50 పాయింట్లు, తర్వాత 34, తర్వాత 20. ఒళ్లు పణంగా పెట్టి ఆడేవాడి వయసు బర్త్ సర్టిఫికెట్‌లో కనిపించదు.

దానికి ఎదురుగా జో పవెల్‌స్కీ. ఎప్పుడూ వేగంగా స్కేట్ చేసింది లేదు. గోల్ ముందు నిలబడి, ఇంకొకరు కొట్టిన షాట్‌ని స్టిక్ అంచుతో తిప్పడం అతని పని. 2019లో సాన్ హోసే అతన్ని వదిలేసింది. డల్లాస్ మూడేళ్లు, ఏడాదికి 7 మిలియన్లు ఇచ్చింది. "35 ఏళ్లవాడికి మూడేళ్లా, డబ్బులు ఎక్కువయ్యాయా" అని మా గ్రూపులో గట్టిగా వాదించింది నేనే. 37వ ఏట అతను 81 పాయింట్లు చేశాడు. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా పుట్టినరోజున గ్రూపులో పడుతుంది. ఈ "ఆట తీరు" అన్న గడి నా షీట్‌లో చేరింది ఆ తర్వాతే.

గాయాలు. విరిగిన వేలు, పగిలిన దవడ లెక్కలోకి రావు. తుంటి, మోకాలు, వెన్ను, తలదెబ్బ వస్తాయి. ఎన్ని మ్యాచ్‌లు పోయాయన్నదాని కన్నా ఒకే చోట రెండోసారి తగిలిందా అన్నది ముఖ్యం.

6. 35 ఏళ్ల నిబంధన: పుట్టినతేదీ ఎందుకు కావాలంటే

కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చే ఏడాది జూన్ 30 నాటికి ఆటగాడికి 35 నిండి ఉంటే లెక్క మారిపోతుంది. అలాంటి బహుళ ఏళ్ల ఒప్పందంలో, మధ్యలో రిటైరైనా క్యాప్ హిట్ జట్టు మెడకే చుట్టుకోవచ్చు.

పావెల్ దత్సూక్ సంగతి ఇదే. డెట్రాయిట్‌తో అతని చివరి ఒప్పందం 35 నిండాక మొదలైంది. 2016లో ఒక ఏడాది మిగిలుండగా రష్యా వెళ్లిపోయాడు. ఆడని మనిషి 7.5 మిలియన్లు క్యాప్‌లో కూర్చున్నాయి. ఆ బరువు వదిలించుకోవడానికి డెట్రాయిట్ డ్రాఫ్ట్‌లో 16వ స్థానాన్ని అరిజోనాకిచ్చి 20కి దిగింది. ఆ 16లో అరిజోనా తీసుకున్నది జేకబ్ చిక్రన్‌ని.

పవెల్‌స్కీ పుట్టింది జులై 11న. 2019 జూన్ 30కి అతని వయసు 34. పదకొండు రోజుల తేడాతో డల్లాస్ ఆ గండం తప్పించుకుంది.

2020 నుంచి ఈ నిబంధన కొంచెం మెత్తబడింది. జీతం ఏటా సమానంగానో పెరుగుతూనో ఉండి, మొదటి ఏడాది తర్వాత సైనింగ్ బోనస్ (జీతంలో భాగంగా ఏకమొత్తంగా ఇచ్చేది) లేకపోతే ఆ బరువు పడదు. కాబట్టి ఏజెంట్ "మొదటి ఏడాది ఎక్కువ, చివర తక్కువ" అని అడిగితే, అడుగుతున్నది ఏమిటో తెలిసి జవాబివ్వండి.

ఇదే వయసులో ఒక వరమూ ఉంది. 35 నిండినవాడికి ఒక్క ఏడాది ఒప్పందం ఇస్తే అందులో పెర్ఫార్మెన్స్ బోనస్‌లు పెట్టొచ్చు. ఎనిమిదేళ్లు ఏడాదికి 9.5 మిలియన్లు తీసుకున్న బెన్, 2025లో డల్లాస్‌తో ఒక ఏడాదికి 1 మిలియన్ మీద, పైన బోనస్‌లతో సంతకం చేశాడు. ఆడితే డబ్బు, లేకపోతే లేదు.

కానీ బోనస్ ఉచితం కాదు. క్యాప్‌లో చోటు లేకపోతే ఆ మొత్తం వచ్చే ఏడాది మీద పడుతుంది. 2022-23లో బోస్టన్ తన పాత స్టార్లు బెర్జరాన్, క్రెచీలను ఇలాగే చవగ్గా పెట్టుకుంది. 65 విజయాలు, లీగ్ పట్టికలో 135 పాయింట్లతో రికార్డు కొట్టింది, మొదటి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో ఓడింది. వాళ్లిద్దరూ రిటైరయ్యాక కూడా 4.5 మిలియన్ల బోనస్ బరువు 2023-24 క్యాప్ మీద పడింది.

7. ధరను డాలర్లలో కాదు, క్యాప్ శాతంలో చూడండి

సాలరీ క్యాప్ 2024-25లో 88 మిలియన్లు, 2025-26లో 95.5 మిలియన్లు. తర్వాతి రెండు సీజన్లకు లీగ్ ముందే ప్రకటించిన అంచనాలు 104, 113.5.

క్రాస్బీ 8.7 మిలియన్లు 95.5లో 9.1 శాతం. అదే 104లో 8.4 శాతం. బెన్ పాత 9.5 మిలియన్లు మొదలైనప్పుడు క్యాప్ 75 మిలియన్లు, అంటే 12.7 శాతం. పాత ఒప్పందాన్ని కొత్తదానితో పోల్చాల్సింది ఇలాగే.

పెరిగే క్యాప్ అన్నీ మింగేస్తుందని మాత్రం అనుకోకండి. 2019-20 నుంచి మూడు సీజన్లు క్యాప్ 81.5 దగ్గరే గడ్డకట్టింది. అంతకుముందు "పెరుగుతుందిలే" అని రాసిచ్చిన పెద్ద ఒప్పందాలన్నీ అప్పుడే గొంతుకు అడ్డంపడ్డాయి.

బేరంలో రెండు మీటలుంటాయి: ఏళ్లు, డబ్బు. కప్పు దగ్గర్లో ఉన్న జట్టు ఏళ్లు పెంచి సగటు తగ్గించుకుంటుంది. పునర్నిర్మాణంలో ఉన్న జట్టు దీనికి వ్యతిరేకం: డబ్బు ఎక్కువిచ్చినా సరే, ఏళ్లు తక్కువ. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే ఒడంబడికలో సొంత ఆటగాడికి గరిష్ఠంగా ఏడేళ్లు, బయటివాడికి ఆరేళ్లే. ఇంతకుముందు ఎనిమిది, ఏడు ఉండేవి.

8. సంతకానికి ముందే బయటికొచ్చే దారి వెతకండి

ఒప్పందం చెడితే ఏం చేస్తారు? ఇది చెడ్డాక అడిగే ప్రశ్న కాదు.

బైఅవుట్, అంటే కొంత డబ్బిచ్చి ఒప్పందం రద్దు చేసుకోవడం, ఒక దారి. 26 నిండినవాడికి మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో చెల్లించాలి. రెండేళ్లు, ఏడాదికి 6 మిలియన్లు మిగిలాయనుకోండి. మొత్తం 12, అందులో మూడింట రెండొంతులు 8, నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 2 మిలియన్లు. భరించొచ్చు.

ఇప్పుడు అదే 6లో 5 మిలియన్లు సైనింగ్ బోనస్ అయితే? బోనస్‌ని బైఅవుట్ తగ్గించలేదు. తగ్గేది మిగిలిన 1 మిలియన్ జీతం మీదే. మొదటి రెండేళ్లు క్యాప్‌లో ఏడాదికి 5.33 మిలియన్లు అలాగే కూర్చుంటాయి. ఏజెంట్లు బోనస్ రూపంలో ఎందుకు అడుగుతారో అర్థమైందా?

పెద్ద ఉదాహరణ మినెసోటా. 2012లో జాక్ పరీజే, రయన్ సూటర్‌లకు చెరో 13 ఏళ్లు, 98 మిలియన్లు ఇచ్చింది. 2021లో ఇద్దరినీ బైఅవుట్ చేసింది. 2023-24, 2024-25 సీజన్లలో ఒక్కోదానిలో 14.7 మిలియన్లు, తమ తరఫున ఆడని ఇద్దరి కోసం, క్యాప్‌లో పోయాయి.

రెండో దారి జీతం కొంత మనమే మోస్తూ ట్రేడ్ చేయడం. గరిష్ఠంగా సగం మోయొచ్చు, ఒక జట్టు ఒకేసారి ఇలాంటివి మూడే పెట్టుకోగలదు. చివరి ఏడాదిలో ఉన్న స్టార్‌ని అమ్మేటప్పుడు ఇది మంచి పనిముట్టు: సగం మోస్తే కొనేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

సంతకానికి ముందు తనిఖీ:

- నో-మూవ్ చివరి రెండేళ్లలో జాబితాగా సడలుతోందా?
- సైనింగ్ బోనస్ మొదటి ఏడాదికే పరిమితమా?
- చివరి ఏడాదిలో అతను మూడో లైన్‌లో (తక్కువ నిమిషాలు దక్కే వరసలో) ఆడితే ఆ జీతం తట్టుకోగలమా?
- అదే వేసవిలో మన కుర్ర స్టార్ల ఒప్పందాలు ముగుస్తున్నాయా?

చివరిదానికి "అవును" వస్తే మళ్లీ 7కి వెళ్లి ఒక ఏడాది తగ్గించండి.

9. మూడో దారి: వాడుకుని వదిలేయడం

ట్రేడ్ చేయకుండా, సంతకమూ పెట్టకుండా ఊరుకోవడం చేతకానితనం అనుకుంటారు. అన్నిసార్లూ కాదు. కప్పు కోసం పోటీలో ఉన్న జట్టు మార్చిలో తన 40 గోల్స్ మనిషిని అమ్మి రెండో రౌండ్ పిక్ తెచ్చుకుంటే డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ క్షమించరు. సొంత ఆటగాడినే అద్దెకు తెచ్చుకున్నట్టు లెక్కేసుకోవాలి.

టాంపా 2024లో చేసింది ఇదే. స్టామ్‌కోస్‌కి బదులుగా ఏమీ రాలేదు. కానీ అతను నాష్‌విల్‌లో నాలుగేళ్లకు ఏడాదికి 8 మిలియన్లు తీసుకున్న అదే వేసవిలో, టాంపా జేక్ గెంట్‌జెల్‌కి ఏడేళ్లు, ఏడాదికి 9 ఇచ్చింది. గెంట్‌జెల్ వయసు 29, మొదటి సీజన్‌లోనే 41 గోల్స్. కెప్టెన్‌ని వదులుకున్న తీరు నాకు నచ్చలేదు. లెక్క తప్పని మాత్రం అనలేను.

షరతు ఒక్కటే: ఖాళీ అయిన క్యాప్‌ని ఎవరి మీద పెడతారో ముందే తెలిసుండాలి. తెలియకపోతే అది మూడో దారి కాదు, మరుపు.

10. అన్నీ కలిపి ఒకసారి: మార్షండ్ షీట్

2025 మార్చి 7, ట్రేడ్ డెడ్‌లైన్ రోజు. బోస్టన్ కెప్టెన్ బ్రాడ్ మార్షండ్, వయసు 36, ఒప్పందం ఆ వేసవితో సరి. 61 మ్యాచ్‌లలో 47 పాయింట్లు. గాయంతో బయట కూర్చున్నాడు. పొడిగింపు మాటలు నడిచాయి, అంతరం పూడలేదు.

- జట్టు స్థితి: కిందికి జారుతోంది. ఉంచుకోవడానికి కారణం తక్కువ.
- మిగిలిన ఆట: బాగానే ఉంది. తెలివితో, చేతి పనితో ఆడే రకం.
- క్యాలెండర్: గంటలే మిగిలాయి. ఇక్కడే దెబ్బ.

దక్కింది ఫ్లోరిడా నుంచి షరతులతో కూడిన 2027 రెండో రౌండ్ పిక్. ఫ్లోరిడా రెండు రౌండ్లు గెలిచి, మార్షండ్ సగం మ్యాచ్‌లైనా ఆడితే అది మొదటి రౌండ్ పిక్ అవుతుంది. ఫ్లోరిడా కప్పే గెలిచింది. ప్లేఆఫ్స్‌లో అతను 20 పాయింట్లు చేశాడు. పిక్ మారింది.

ఆ షరతు రాయించుకున్నవాళ్లకి నా దండం. ధర తక్కువ పలుకుతున్నప్పుడు, "నువ్వు గెలిస్తే ఎక్కువివ్వు" అని అడగడం అమ్మేవాడి చేతిలో ఉన్న మంచి ఆయుధం. బాగుపడ్డ జట్టు కాస్త ఎక్కువ ఇవ్వడానికి బాధపడదు.

ఆ వేసవిలో ఫ్లోరిడా అతనికి ఆరేళ్లు, ఏడాదికి 5.25 మిలియన్లు ఇచ్చింది. 37 ఏళ్లవాడికి ఆరేళ్లా అని ఉలిక్కిపడతాం. శాతంలో చూస్తే మొదటి ఏడాది 5.5, క్యాప్ 113.5కి వెళ్తే 4.6. 7లో చెప్పిన మీట ఇదే: ఏళ్లు సాగదీసి, సగటు కుదించారు. కప్పు ఇప్పుడే కావాలనుకునే జట్టుకు సరిపోతుంది. అదే కాగితం ఆనాటి బోస్టన్ ఇచ్చుంటే నేను తప్పనేవాణ్ని.

11. తరచూ చేసే తప్పులు, సర్దుబాట్లు

పాత కప్పులకు కొత్త చెక్కు. 2014లో షికాగో కేన్, జొనాథన్ టేవ్స్‌లకు చెరో ఎనిమిదేళ్లు, ఏడాదికి 10.5 మిలియన్లు ఇచ్చింది. 2015లో కప్పు వచ్చింది, తర్వాత రాలేదు. 2015లోనే బ్రెంట్ సీబ్రూక్‌కి ఎనిమిదేళ్లు. అతను చివరిసారి ఆడింది 2019 డిసెంబర్‌లో, ఒప్పందం 2024 దాకా ఉంది. సర్దుబాటు: షీట్‌లో ఆటగాడి పేరు చెరిపేసి, వయసు, అంకెలు మాత్రం ఉంచి ఇంకొకరికి చూపించండి. వాళ్లు చెప్పే ధర రాసుకోండి.

విగ్రహం పోతే టికెట్లు అమ్ముడుపోవన్న భయం. బోస్టన్ 2000లో రే బుర్క్‌ని కొలరాడోకి పంపింది. 2001లో అతను 40 ఏళ్ల వయసులో కప్పు ఎత్తితే బోస్టన్ జనమే సంబరం చేసుకున్నారు. ఎలా పంపామన్నది గుర్తుంటుంది, పంపడం కాదు. సన్‌రైజర్స్ వార్నర్‌ని పంపిన తీరు చూసిన హైదరాబాదీలకు ఇది వేరే చెప్పాలా?

పక్కవాడి ధర పట్టుకోవడం. "వాడికి 8 ఇచ్చారు కాబట్టి వీడికీ 8." వాడి ఏళ్లు, ఆ ఏటి క్యాప్, ఆ ఊరి పన్ను వేరు. టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మాంట్రియల్ అదే ఆటగాడికి అదే అంకె చూపిస్తే చేతికొచ్చేది తక్కువ. శాతంలోకి మార్చాకే పోల్చండి.

దీపం ఉండగా ఇల్లు చక్కబెట్టుకోకపోవడం. అమ్మాలనుకుంటే, ఒప్పందంలో ఒకటిన్నర ఏళ్లు మిగిలుండగా అమ్మండి. కొనేవాడికి రెండు ప్లేఆఫ్స్ దక్కుతాయి, ధర అలాగే ఉంటుంది. ఇగిన్లా పాఠం అదే.

12. మాట్లాడే రోజు

ఏజెంట్‌కి అంకె చెప్పేముందు ఆటగాడితో ఎదురుగా కూర్చోవాలి. రెండు ప్రశ్నలు చాలు: ఇంకా ఎన్నేళ్లు ఆడాలనుకుంటున్నావు? కప్పు ముఖ్యమా, ఊరు ముఖ్యమా? పిల్లల స్కూల్, భార్య ఉద్యోగం లాంటివి ఏ షీట్‌లోనూ కనిపించవు, నో-మూవ్ క్లాజు వెనకుండేవి మాత్రం ఇవే.

జేబులో మూడు అంకెలు రాసుకుని వెళ్లండి: మొదట చెప్పేది, సరే అనగలిగేది, దాటితే లేచి వచ్చేసేది. మూడోదాన్ని ఇంట్లో ఉన్నప్పుడే, తలుపు మూసుకుని రాసుకోవాలి. ఆ గదిలో, ఇరవై ఏళ్లు మీ చొక్కా వేసుకున్న మనిషి ఎదురుగా ఉండగా రాస్తే, అది కచ్చితంగా రెండేళ్లు ఎక్కువ ఉంటుంది.